గుండు, నామం, మిగిలిన నలుగురు

1943. తిరుపతి యాత్రికుల సత్రం. సాయంత్రం నుంచీ జోరువాన.

మద్రాసు ఆర్డరు చిన్నదే. "మిలిటరీ రైలొస్తోంది. స్వర్ణముఖి వంతెన కింద బాంబు. పేల్చే వైర్‌లెస్ మీట సత్రంలో శత్రు ఏజెంటు దగ్గరుంది. రైలు కూత వినగానే నొక్కుతాడు. పట్టుకో."

ఆర్డరు అందాక ఎవరో తంతి తీగలు తెగ్గోశారు, రైలు ఆపలేరు. ఏరు పొంగింది, వంతెన దగ్గరికి పోలేరు. ఆ రైల్లో మన ఏజెంట్ ఏకాంబరం తమ్ముడు కుప్పయ్య ఉన్నాడు. బతిమాలి సైన్యంలో చేర్పించింది ఈ అన్నే. దాసరి వేషంలో ఏకాంబరం సత్రంలోకి అడుగుపెట్టాడు.

సత్రంలో ఆడా మగా నలభై మంది. వాళ్లలో చిత్తూరు నాటకాల పంకజాక్షి మన ఇన్‌ఫార్మర్. ఆ కళ్లు చూసి ఆమె మాట కాదన్న ఆఫీసరు జిల్లాలో లేడు.

"వాడికి గుండో, నామమో ఉంటాది," అందామె.

హెడ్డు మునిరత్నం ఒక గదిలో గుండ్లవాళ్లని, కానిస్టేబులు శాంతయ్య ఇంకో గదిలో నామాలవాళ్లని సోదా చేశారు.

"గుండ్లు ఇరవై ఎనిమిది, నామాలు ఇరవై. నలభై మందికి నలభై ఎనిమిది సోదాలైపాయ సార్. ఒక్కరూ మిగల్లే," అన్నాడు మునిరత్నం. మీట మాత్రం దొరకలేదు.

ఇక తమ్ముడు దక్కడనుకున్నాడు ఏకాంబరం. అంతలో ఓ గుండాయన విసుక్కున్నాడు. "ఆడ ఒకాయన తడిమె, ఈడ ఇంకొకాయన తడిమె. ఎన్నిసార్లప్పా?"

ఆయన నుదుట నామం ఉంది. ఏకాంబరం అరుగు మీదున్న గుండ్లు చూశాడు. ఏడుగురు. ముగ్గురికి నామాలున్నాయి.

"హెడ్డుగారూ, కొంప మునిగింది. ఏడింట్లో మూడంటే ఇరవై ఎనిమిదిలో సుమారు పన్నెండు. ఆ పన్నెండు మందినీ రెండుసార్లు లెక్కేశారు. చూసింది ముప్పై ఆరుగురినే. ఇంకా నలుగురుండాలి."

"యాడ సార్?"

"జుట్టుండి, నామం లేనివాళ్లని చూడండి."

ముగ్గురు వెంటనే దొరికారు. వానకి తలదాచుకున్న సత్యవేడు కిరస్తానపు రైతులు. సంచుల్లో వేరుశనక్కాయలు తప్ప ఏమీ లేవు.

నాలుగో మనిషి కోసం ఏకాంబరం పిచ్చివాడిలా తిరిగాడు. గుండో, నామమో అని చెప్పిందెవరు? ఆ రెండూ లేనిదెవరికి?

దూరంగా రైలు కూసింది. కిటికీ దగ్గర పంకజాక్షి మల్లెపూలు సర్దుకుంటున్నట్టు కొప్పులోకి చెయ్యి పోనిచ్చింది.

ఏకాంబరం దూకి ఆ కొప్పు పట్టుకు లాగాడు. సవరం మొత్తం ఊడి చేతికొచ్చింది. దాంట్లో అగ్గిపెట్టెంత మీట.

వంతెన మీద రైలు దడదడమంటూ దాటిపోయింది. ఆ చప్పుడు ఆగేదాకా ఏకాంబరం గోడకానుకుని ఏడ్చాడు. బతికావురా కుప్పయ్యా.

మునిరత్నం సవరాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొండకొచ్చినోళ్లు జుట్టు ఇచ్చిపోతారు సార్. ఈయమ్మ తెచ్చుకునింది."