గబ్బిలానికి ఎనిమిది వేళ్లు

"ఇదేంటండీ! గబ్బిలానికి ఎనిమిది వేళ్లా?"

కొత్తగా వచ్చిన బయాలజీ టీచర్ గొంతుకి గొడుగుల షాపులో తల్లీకొడుకులిద్దరూ ఉలిక్కిపడ్డారు. స్కూల్ ఎగ్జిబిషన్‌కి గబ్బిలం రెక్క చేసిపెట్టమని ఆమె అడిగింది. కొడుకుగారు పాత గొడుగు ఊచలు ఎనిమిదీ ఒక పక్కకి సర్ది, నల్లగుడ్డ బిగించి, చేతులు దులుపుకున్నాడు.

"చూడ్డానికి అచ్చం రెక్కలాగే ఉంది కదండీ?"

"ఉంటే సరిపోతుందా? సీతాకోకచిలుకకీ రెక్కలున్నాయి, గబ్బిలానికీ ఉన్నాయి. ఆ రెక్కలకి చుట్టరికం ఉందా? పని ఒకటే, పుట్టుక వేరు. ఆ రెక్కకి అసలు చుట్టమేదో చూపిస్తాను, చెయ్యి ఇవ్వండి."

ఇచ్చాడు. అడిగితే రెండూ ఇచ్చేవాడే.

ఆమె పెన్ను మూతతో భుజం నుంచి చూపిస్తూ వచ్చింది. "పైన ఒక ఎముక. మోచేతి కింద రెండు. మణికట్టులో చిన్నచిన్నవి. ఆ తర్వాత వేళ్లు. గబ్బిలం రెక్కలోనూ ఇదే వరస, తిమింగలం ఈదే రెక్కలోనూ ఇదే వరస. ఒకటి ఎగరడానికి, ఒకటి ఈదడానికి, మీదేమో గొడుగులు పాడుచెయ్యడానికి! ఇన్ని వేరు వేరు పనులకి ఒకే అమరిక ఎలా వచ్చింది? ఎప్పుడో అందరికీ ఒకే పూర్వీకులు ఉన్నారు కాబట్టి."

పెన్ను మూత చూపుడువేలి కొసన ఆగింది. అతనికి పరిణామ సిద్ధాంతం మీద అక్కడికక్కడే గట్టి నమ్మకం కుదిరింది.

రెక్క మళ్లీ మొదలుపెట్టాడు. బొటనవేలు పొట్టిగా, మిగతా నాలుగూ బారుగా ఊచలు కట్టాడు. కట్టిందే విప్పి మళ్లీ కట్టాడు. రెక్క పూర్తయితే ఆమె ఇక షాపు మెట్లెక్కదని అతని బెంగ. ఎంత సాగదీసినా ఎగ్జిబిషన్ రానే వచ్చింది.

ఆ సాయంత్రం కుండపోత వాన. టీచర్ తడుస్తూనే వచ్చింది.

"ఆంటీ! పిల్లలు క్యూ కట్టేశారు. ప్రతివాడూ రెక్క పక్కన తన చెయ్యి పెట్టి చూసుకోవడమే! థాంక్స్ చెప్పి వెళ్దామని వచ్చాను."

'వెళ్దామని' అన్న మాటకి కొడుకు గుండె జారింది. ఉన్న ధైర్యమంతా కూడగట్టుకున్నాడు.

"మనిద్దరం కూడా ఒకేలా ఉంటాం కదండీ? అదే నవ్వు, అదే మొండితనం..."

"ఒకేలా ఉన్నంత మాత్రాన చుట్టాలైపోరని పాఠం చెప్పానా లేదా?" అంది ఆమె, నవ్వాపుకుంటూ.

ఆ నవ్వు అతను చూడలేదు. నేల చూపులు చూస్తున్నాడు. తల్లికి ఇక ఓపిక నశించింది.

"చుట్టాలు కాకపోతే ఏమైందమ్మా? కొత్తగా చుట్టరికం కలుపుకుంటారు. పెళ్లిళ్లు ఉన్నదెందుకు మరి? వీడికి తిండి సహించడం లేదు, నిద్ర పట్టడం లేదు. నీకిష్టమైతే మీ ఇంటికొచ్చి అడుగుతాను. లేదంటే మొహమాటపడకు. ఇదిగో గొడుగు, తడవకుండా ఇంటికెళ్లు."

"అమ్మా!" అన్నాడు కొడుకు. భూమి చీలితే బాగుండుననిపించింది అతనికి.

టీచర్ గొడుగు అందుకుంది. వానని చూసింది, అతన్ని చూసింది. అతన్నే ఎక్కువసేపు చూసింది.

"గొడుగొకటే ఇస్తే ఎలా? పట్టుకోవడానికి మీ అబ్బాయిని కూడా పంపండి. ఆదివారం మా నాన్న ఇంట్లోనే ఉంటారు. మీరు తప్పకుండా రావాలి... అత్తయ్యా."

అంతదాకా ఆంటీగా ఉన్న ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.