ఇసోహమలో తాడుమర

నూకరత్నం నాడిబిళ్ళను ఉప్పునీటిలో ముంచి హత్సుయే మణికట్టుకి బిగించింది. పడవ వెనక ఉన్న తాడుమర ఒకసారి గుర్రుమని ఆకుపచ్చ దీపం వెలిగించుకుంది.

"సల్లగుందే అమ్మాయ్. పాము సుట్టుకున్నట్టుంది," అంది హత్సుయే.

ఆమె అన్నది జపనీసులోనే. నూకరత్నం చెవిలోని మాటపొర దాన్ని ఉప్పాడ యాసలోకి మార్చి, నూకరత్నం తల్లి గొంతుతో పలికింది. ఊరు విడిచి వచ్చేటప్పుడు నమూనాగా ఆ గొంతే ఇచ్చింది. తర్వాత తల్లి పోయింది. గొంతు మార్చడానికి మాత్రం చెయ్యి రాలేదు. తీరపాలన తరఫున తనిఖీకి వెళ్ళిన ప్రతి రేవులోనూ ప్రతి ముసలామె ఆ గొంతుతోనే మాట్లాడుతుంది. ప్రతి రేవులోనూ దాన్ని మళ్ళీ వదిలి రావాలి.

ఇసోహమలో చిప్పల కోసం సముద్రంలో మునిగే మునకగత్తెల్లో మిగిలింది హత్సుయే ఒక్కతే. ఆమె ఉన్నంతవరకే ఊరికి కరెంటు, సరుకుల నావ. ఈ మునకల కాలమంతా ఆమె అవాబి అనే ఖరీదైన సముద్రపు చిప్ప ఒక్కటి కూడా తీయలేదు. ఇవాళా ఒట్టి చేతులతో తేలితే తీరపాలన ఆమె పేరు కొట్టేస్తుంది, ఊరు మూసేస్తుంది. ఆమెను కొండమీది ముసలివాళ్ళ నిలయానికి, భర్త తోకుజిని మరుపు మనుషుల నిలయానికి పంపుతుంది. రెండింటికీ మధ్య ఒక రాత్రి ప్రయాణం.

తోకుజి పడవ ముందుభాగంలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఈ తీరంలో భార్య మునిగితే, ఆమె నడుముకి కట్టిన తాడును భర్త పడవలోంచి పడతాడు. ఆమె కిందనుంచి గుంజితే లాగుతాడు. ఆయనకు మరుపు మొదలయ్యాక ఆ తాడు మరకి ఇచ్చేశారు. చుట్టుపక్కల ఊళ్ళలోనూ అంతే. ప్రతి పడవలో మర పనిచేస్తుంది, మనిషి ఊరికే కూర్చుంటాడు.

"మనం భోజనం చేశామా?" అని అడిగాడు తోకుజి. మాటపొర ఆయనకు వార్తలు చదివేవాడి గొంతు తగిలించింది. నూకరత్నం మాటలను వాళ్ళిద్దరి చెవుల్లోని పొరలు జపనీసులోకి మారుస్తాయి.

"సేసేం. నా పాలు కూడా నువ్వే తినేసేవు."

"మరి ఆకలి ఎందుకు వేస్తోంది?"

"కూకోడం కూడా పనే కదా, అందుకు!"

హత్సుయే చిప్పలు పెకలించే ఇనప ఉలితో పడవ అంచుని తట్టి, ఏదో గొణుక్కుని మునిగింది. నూకరత్నం చేతిలోని అద్దం మీద ఆమె నాడి గుర్రంలా పరిగెత్తింది. ఆమె సముద్రపు అడుగు చేరకముందే మర గిర్రున తిరిగి, గాలానికి పడ్డ చేపలా ఆమెను పైకి ఈడ్చేసింది.

"రాయి మీద సెయ్యెయ్యనీకుండా లాగేసింది, దొంగసచ్చింది!"

నూకరత్నం పాత నాడిరేఖలు తెరిచింది. తోకుజి తాడు పట్టిన ఏళ్ళలో, లోతుకి వెళ్ళేకొద్దీ హత్సుయే గుండె నిద్రపోయే పిల్లలా నెమ్మదించేది. మర వచ్చిన రోజునుంచి పరుగే. ఆ పరుగును మర ప్రమాదం అనుకుంటోంది.

"అత్తా, దిగేటప్పుడు భయమేస్తోందా?"

"ఎయ్యదా మరి? పైన ఎవరున్నారని?"

"మామకి నీ పేరు కూడా గుర్తుండటం లేదు కదా."

"పేరుతో లాగుతాడేటే?"

నూకరత్నం మెడలోని తాళంచెవిని తడుముకుంది. దానితో మర లాగకుండా ఆపవచ్చు. కానీ ముసలాయన మధ్యలో మరిచిపోతే, మర మళ్ళీ తాడు అందుకునేసరికి ఆలస్యమైపోవచ్చు.

"మామా, తాడు పడతావా?"

ఆయన తన చేతులవంక చూసుకున్నాడు. "కింద ఎవరు ఉంటారు?"

హత్సుయే పకపకా నవ్వింది. "మీ ఆవిడ!"

"ఆమె బాగా తిడుతుంది," అంటూ తాడును నడుముకి ఒక చుట్టు తిప్పుకున్నాడు.

నూకరత్నం తాళం తిప్పి మరని ఆపింది. హత్సుయే మునిగింది. నాడి తగ్గింది, ఇంకా తగ్గింది. నీళ్ళమీద బుడగలు ఆగిపోయాయి. నాడి మరీ తగ్గడం కూడా ప్రమాదమే మరకి; దాని దీపం ఎర్రబడింది: ప్రమాదం, తాడు అప్పగించండి.

"లాగు మామా!"

"ఇంకా పిలవలేదు," అంది తోకుజి వార్తల గొంతు.

నూకరత్నం చెయ్యి తాళం మీదికి పోయింది. ఆయన వేళ్ళు వణకడం లేదు. ఆమె చెయ్యి అక్కడే ఆగింది, తర్వాత వెనక్కి వచ్చింది. తాడు కదిలినట్టు ఆమెకు ఏమీ కనిపించలేదు. కానీ ఆయన లేచి, నడుము వంచి, రెండు చేతులా లాగడం మొదలుపెట్టాడు.

హత్సుయే ఈలవేస్తున్నట్టు ఊపిరి వదులుతూ తేలింది. అరచేతంత అవాబి చిప్పను పడవలోకి విసిరింది.

మర అడిగింది: లాగినది ఎవరు? నూకరత్నం తోకుజి పేరు చెప్పింది. ఆయన మరిచిపోతే బాధ్యత ఎవరిది? "నాది," అంది. మనిషి మళ్ళీ తాడు లాగవచ్చా, నిబంధన మారిందా అని మర తీరపాలనను అడిగింది. అలాంటి నిబంధన తీరపాలన పుస్తకంలో లేదు. అది ఆ ప్రశ్నను తీరంలోని అన్ని మరలకూ పంపింది.

అవతలి దిబ్బ దగ్గరి పడవలో ఆకుపచ్చ దీపం పసుపైంది. దాని పక్కదీ. తర్వాత కనుచూపుమేర వరసగా అన్నీ. జవాబు వచ్చేదాకా తాడుమరలన్నీ ఆగిపోయాయి.

"ఆళ్ళ ఆడమనుషులు ఇంకా నీళ్ళల్లోనే ఉన్నారే!" అంది హత్సుయే.

నూకరత్నం పడవ అంచు ఎక్కి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది. "లాగండి! చేత్తో లాగండి!"

ఆ పడవల్లోవాళ్ళ చెవుల్లో మాటపొరలు లేవు, ఆ తెలుగు మాట వాళ్ళకు అర్థం కాదు. తోకుజి తన ఖాళీ తాడును పైకెత్తి, లాగి చూపించాడు. దూరంగా ఒక పడవలో ఎవరో తడబడుతూ లేచారు. తాడు వెతుక్కున్నారు.