రెండు శాంపిల్ సంచులు

తల మీద సంచి! మెడ దగ్గర బిగుస్తోంది. కళ్ల ముందు తెలుపు తప్ప ఏమీ లేదు.

"ఒర్లకు నయనా… జల్దీ అయిపోతది!"

డ్రైవర్ సీట్లోంచి ప్రణయ్ గొంతు. ఎయిర్‌బ్యాగ్ గుడ్డకు సిలికాన్ పూత పూసే మేడ్చల్ ఫ్యాక్టరీ ఓనర్. నయన అక్కడే టెస్టింగ్ చేస్తుంది.

ఇందాక ఆ గుడ్డతో కుట్టిన రెండు శాంపిల్ సంచులు తెచ్చి కార్లో అతని ముందు పెట్టింది తనే. ఒకటి సరైన పూతది, గాలి దూరదు. రెండోది పూత సగానికి తగ్గించి అతను అమ్ముతున్నది. చూపుకు రెండూ ఒకటే.

"కార్ల కంపెనీకి చెప్త సార్. ఇగ ఆపుండ్రి" అంది.

అతను చేతికందినది లాగి ఆమె తలకు తొడిగాడు.

ఏది తొడిగాడు?!

ప్రాణమంతా పెట్టి పీలుస్తుంది…

వస్తోంది! సన్నగా… ఊపిరి!

సగం పూతది! తమ్ముడు అన్వేష్‌ను మింగిన గుడ్డ. కారు పల్టీ కొడుతుంటే వాడి పక్కనున్న ఎయిర్‌బ్యాగు తెరుచుకుంది. రెండో పల్టీకే గాలి పోయి చప్పబడింది. అదే గుడ్డ ఇప్పుడు తనను బతికిస్తోంది.

కాళ్లు తన్నుకుంటుంది. మెల్లగా ఆపేస్తుంది. మెడ వాల్చేస్తుంది.

"ఖతం!"

ప్రణయ్ సంచి తీసేస్తాడు. పట్టపగలు, ఎవరైనా చూస్తారు! నిద్రపోతున్నట్టు పక్క సీట్లో కూర్చోబెట్టి సీటు బెల్టు పెడతాడు.

"శామీర్‌పేట చెర్ల ఏస్తే అయిపాయె" అని గొణుగుతూ కారు ఉరికిస్తాడు.

నయన కళ్లు తెరవదు. ఈ మోడల్ కారుకు వెళ్లేదీ ఆ సగం పూత గుడ్డే! పోతే ఇద్దరం పోదాం!

స్టీరింగ్ పట్టి ఒక్క గుంజు!

పల్టీ! ఇంకో పల్టీ! రెండు పక్కలా తెల్లటి బ్యాగులు తెరల్లా దిగుతాయి.

కారు ఆగింది.

నయన తలకు దెబ్బ లేదు. చెంప పక్కన బ్యాగు ఇంకా నిండుగానే ఉంది!

ప్రణయ్‌కీ ఏమీ కాలేదు. నవ్వుతున్నాడు.

"పిచ్చిదానా… నా బండికి గా గుడ్డ ఏపిచ్చుకుంటనా? మంచిది కుట్టిచ్చి మార్పిచ్చిన. నా పిల్లలు తిరిగే బండి!"

"మా అన్వేష్ ఎవల పిల్లగాడు సార్?"

ప్రణయ్ సీటు కింది నుంచి రివాల్వర్ తీస్తాడు.

"సప్పుడు గావద్దనుకున్న. ఇగ తప్పదు."

ఢాం!

నయనలోంచి దూసుకెళ్లిన తూటాకు, వెనకున్న బ్యాగులోంచి గాలి అప్పుడు పోయింది.