మొదటి ముద్ద

పిల్లలూ, మీరు ఆర్నెల్లుగా కుక్క కావాలని అడుగుతున్నారు. ఇల్లు చిన్నదని ఒకసారి, పరీక్షలని ఒకసారి తప్పించుకుంటూ వచ్చాను. అసలు కారణం మీ మేనత్త లసిత ఇంట్లో ఉంది. మీరామెను ఒక్క పెళ్ళిలో చూశారు, అంతే. ఆమె కథ మీకెవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను కాబట్టి.

కేరళలో కణ్ణూరు దగ్గర, ఏటి ఒడ్డున, ఎర్రరాయి ఇల్లు లసితది. చేనేత సంఘంలో దుప్పట్లు నేస్తుంది. భర్త దాసన్‌ది రాతిగనిలో పని. అత్త నారాయణికి మోకాళ్ళు పడిపోయాయి గానీ నోరు పడిపోలేదు.

రెండేళ్ళ కిందట, కర్కాటక మాసపు వానల్లో, ఫసీలా అనే అమ్మాయి ఆటోలో ఒక కుక్కను సాకమని తెచ్చింది. దిక్కులేని కుక్కల్ని చేరదీసే పిల్ల. ఈ కుక్క పాడుబడ్డ రాతిగని గోతిలో మూడు రోజులు పడి ఉంటే తాళ్ళు వేసి పైకి లాగారట. గోధుమరంగు ఆడకుక్క. మెడచుట్టూ తీగ కోసుకుపోయిన మచ్చ. ఆటో దిగిందో లేదో వసారాలో బల్ల కిందికి దూరి, గోడకు మొహం పెట్టి వణకడం మొదలుపెట్టింది.

"కళ్ళలోకి చూడకక్కా," అంది ఫసీలా. "అన్నం పెట్టి పక్కకు తిరిగి కూర్చో. రోజూ ఒక జానెడు దగ్గరికి జరుగు. అదే రావాలి. నువ్వు మాత్రం పిలవకు."

"రాకపోతే?"

"నెల చూద్దాం. రాకపోతే తీసుకెళ్ళాలి. కానీ బోనులో పెడితే ఇది తిండి మానేస్తుంది. ఇప్పటికి రెండుసార్లు మానేసింది. మూడోసారి బతకదు."

"మనిషికే గతి లేదు, కుక్కకు సీమంతం," అని లోపల్నుంచి నారాయణి గొణిగింది.

దానికి చక్కి అని పేరు పెట్టారు. లసిత మగ్గం దిగి రాగానే వసారాలో పక్కకు తిరిగి కూర్చునేది. చూసేది కాదు. పిలిచేది కాదు. "మన పెళ్ళయిన కొత్తలో నాకోసం ఇందులో సగం ఓపిక పట్టి ఉంటే బాగుపడేవాణ్ణి," అనేవాడు దాసన్. "నువ్వు వణకలేదుగా," అనేది లసిత.

పదకొండో రోజున ఆమె అక్కడ ఉండగానే చక్కి అన్నం ముట్టింది. లసితకు కళ్ళనీళ్ళు వచ్చాయి. కానీ చక్కి సగం తిని ఆపేసింది. వెనక్కి జరిగి, గిన్నె పక్కనున్న ఖాళీ చోటు కేసి చూసి, తోక నేలకేసి రెండుసార్లు కొట్టింది.

ఆ మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. పడుకునేటప్పుడు కూడా గోనెపట్టా మీద ఒక వారకే పడుకునేది. తెల్లారేసరికి గిన్నెలో మిగిలిన సగం ఉండేది కాదు. గిన్నె నాకినట్టు తడిగా మెరిసేది.

"పిల్లి తింటోందిలే," అంది నారాయణి.

ఆ వీధిలో పిల్లి లేదు.

ఇప్పుడు ఆ సంగతి చెప్పాలి.

అంతకు తొమ్మిదేళ్ళ ముందు ఆ వీధిలో ఒక తెల్లకుక్క ఉండేది. ఎవరిదీ కాదు, లసిత పిలిస్తే మాత్రం పరుగెత్తి వచ్చేది. ఆ ఏడు ఊళ్ళో ఒక బడిపిల్లాణ్ణి కుక్క కరిచింది. అది ఏ కుక్కో ఎవరూ చూడలేదు. భయం పట్టుకుంటే ఊరు ఊరంతా గుడ్డిదవుతుంది. మగవాళ్ళు మాంసంలో పురుగుమందు కలిపి వీధివీధీ తిరిగారు. తెల్లకుక్క ఎవరి చేతిదీ తినలేదు. అప్పుడు లసిత దగ్గరికి వచ్చారు.

ఆ రోజు ఆ ఇంట్లో ముత్తప్పన్‌కు నైవేద్యం. ఉడికించిన అలసందలు, కొబ్బరి ముక్కలు, కాల్చిన ఎండుచేప, కల్లు. కుక్క పక్కన లేకుండా ఆ దేవుడు ఉండడు. అందుకే మొదటి వాటా ఆకులో పెట్టి కుక్కకు ఇవ్వాలి. అది తిన్నాకే ఇంట్లోవాళ్ళు తినాలి. ఆ మొదటి వాటాలోనే మందు కలిపారు. లసిత పిలిచింది. కుక్క వచ్చింది. ఆమె మొహం చూసింది. ఆకు చూసింది. మళ్ళీ ఆమె మొహం చూసింది.

"తిను," అంది లసిత.

కరిచిన కుక్క నాలుగు రోజులకు ఏటి అవతల దొరికింది. వేరేది, నల్లది.

ఆ తర్వాత ఆ ఇంట్లో నైవేద్యం జరగలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. పిల్లలూ, ఆ మందు పొట్లం కట్టి చెల్లెలి చేతిలో పెట్టింది ఎవరో కాదు, నేనే. "నువ్వు పిలిస్తే వస్తుందే," అన్నది కూడా నేనే.

ఇరవై తొమ్మిదో రోజు వచ్చింది. చక్కి ఇంకా చేతికి అందలేదు. మర్నాడు ఫసీలా వస్తుంది.

"దేవుణ్ణి ఇన్నేళ్ళు పస్తు పెట్టాం, ఆ కుక్క నీ దగ్గరికి ఎందుకొస్తుంది?" అంది నారాయణి. "ఇవాళ చెయ్యి."

లసిత చేసింది. పొద్దు కుంకే వేళ. వాన సన్నగా పడుతోంది, కరెంటు లేదు. దీపం వెలిగించి, అలసందలు, కొబ్బరి, చేప, నాలుగు చుక్కల కల్లు ఆకులో పెట్టి, మెట్ల పైన ఉంచింది. దాసన్, నారాయణి లోపల పీటల మీద కూర్చున్నారు. చక్కి బల్ల కిందే ఉంది. కదల్లేదు.

చాలాసేపు చూసింది లసిత. రేపటి బోను గుర్తొచ్చింది. ఇక ఆగలేకపోయింది. నెలంతా కట్టేసుకున్న నోరు తెరిచి పిలిచింది.

"రావే... రా తల్లీ..."

అన్నాక గానీ తెలియలేదు. అది ఆనాటి పిలుపు.

చక్కి మెడ మీద వెంట్రుకలు లేచాయి. అది లసితను చూడటం లేదు. ఆమె వెనక, వానలోకి చూస్తోంది.

కింది మెట్టు మీద గోళ్ళ చప్పుడు.

టక్... టక్... టక్...

ఇంకో మెట్టు. ఇంకోటి. తడిసిన బొచ్చు వాసన వచ్చింది. దాని అడుగున ఇంకో వాసన, గొంతులో చేదుగా పట్టుకునేది. పురుగుమందు వాసన. మెట్ల మీద ఏమీ లేదు. వాన చినుకులు మాత్రం ఒక చోట నేలను తాకడం లేదు... మూరెడు పైనే చిట్లుతున్నాయి.

చప్పుడు ఆకు ముందు ఆగింది.

లసితకు తెలిసింది. అది ఆమె మొహం చూస్తోంది. ఆకు చూస్తోంది. మళ్ళీ మొహం చూస్తోంది.

మాట కోసం ఆగింది.

"కుక్క తిన్నదా లేదా?" లోపల్నుంచి నారాయణి గుసగుస. "ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయే..."

తిను అనాలి. ఏ నోటితో అంటుంది?

లసిత మెల్లగా నేల మీద కూర్చుంది. పక్కకు తిరిగింది. చెయ్యి చాచి, ఆకులోంచి ఒక ముద్ద తీసుకుని తన నోట్లో పెట్టుకుంది. కుక్క కంటే ముందు మనిషి తినడం ఆ ఇంట తప్పు. తాతల కాలం నుంచీ ఎవరూ చెయ్యని తప్పు. నమిలింది. మింగింది. చెయ్యి తెరిచి చూపించింది.

వాన చప్పుడు.

తర్వాత... నమిలే చప్పుడు. ఆమెది కాదు.

ఆకు అంచు కదిలింది. అలసందలు ఒక పక్క నుంచి తగ్గుతూ వచ్చాయి. సగానికి వచ్చి ఆగాయి. అప్పుడు బల్ల కింద నుంచి చక్కి లేచి వచ్చింది. మిగిలిన సగం తినేసింది. తిని, నెల రోజుల్లో మొదటిసారి, లసిత కుడి మోకాలి మీద మూతి ఆనించింది. వెచ్చగా.

ఎడమ మోకాలి మీద కూడా ఒక బరువు ఆనింది. చల్లగా, తడిగా.

లసిత అటు చూడలేదు. "తప్పయిపోయింది," అని మాత్రం గుసగుసగా అంది. ఆ బరువు చాలాసేపు కదల్లేదు.

మర్నాడు ఫసీలా వచ్చి, చక్కి లసిత వెనకే తిరుగుతుంటే చూసి, పెంపకం కాగితం మీద సంతకం పెట్టించుకుని నవ్వుతూ వెళ్ళిపోయింది. ఆ నాటి నుంచీ లసిత రోజూ మొదటి ముద్ద తాను తిని, రెండు వాటాలు పెడుతోంది. రెండు వాటాలూ ఖాళీ అయ్యేవి.

పోయిన నెల ఫోన్ చేసింది.

"అన్నా, పదిరోజులుగా ఒక వాటా మిగిలిపోతోంది. చక్కి రోజంతా ఉత్తరం వైపు తిరిగి కూర్చుంటోంది."

"ఎటైనా పోయి ఉంటుందిలేవే," అన్నాను.

"నేను తిన్నానన్నా," అంది మెల్లగా. "నువ్వే ఇంకా తినలేదు."

మన నాగపూర్ ఉత్తరానే కదా ఉంది. నడిచి వస్తే ఎన్నాళ్ళు పడుతుందో లెక్కవేయడానికి నాకు ధైర్యం చాల్లేదు.

నిన్న పట్టపగలు, కూరగాయల సంచీతో మెట్లెక్కి తాళం తీస్తుంటే ఎదురింటి కుందాతాయి తలుపు తీసింది. నా కాళ్ళ వైపు చూసి నవ్వింది.

"ఎవరిది భావూ ఇది? పొద్దుట్నుంచీ మీ గుమ్మం ముందే ఉంది. రొట్టె వేస్తే ముట్టలేదు. చూడండి, మీ మొహం మీంచి కళ్ళు తిప్పడం లేదు."

నేను కిందికి చూశాను. గచ్చు తప్ప ఏమీ లేదు.

పిల్లలూ, ఈ కథను ఇక్కడ ఆపేయకండి. రేపు మీకూ పిల్లలు పుడతారు. వాళ్ళకు చెప్పండి, వాళ్ళ పిల్లలకు చెప్పమని చెప్పండి. నమ్మి వచ్చినదానికి ఏది పెట్టినా, మొదటి ముద్ద మీరు తినండి. ఆ మందు పొట్లం ఎవరు కట్టారని అడిగితే, నా పేరు దాచకండి.