వెల్లుల్లి నమిలిన నోరు

జీపు మలుపు తిరిగింది. కాదు... దూకింది!

సబీనా తల పైకప్పుకి కొట్టుకుంది. పక్కన లోయ. అడుగున నది రొద. ముందు, రెండు మలుపుల కింద, లారీ వెనక ఎర్ర లైట్లు.

"ఇంకా తొక్కన్నా," అంది.

"తొక్కుతూనే ఉన్నా," అన్నాడు మెల్కియాదెస్. "ఆ ఉన్ని మూట మీద కాళ్ళు పెట్టుకుని గట్టిగా కూచో చెల్లెమ్మా."

పెట్టుకుంది. మూట మెత్తగా లేదు. అయినా ఇప్పుడు మూట సంగతి ఎవడిక్కావాలి?

ఆ లారీలో అవ్వ ఉంది!

ఇన్కా రాజుల నాటి అవ్వ. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, నేత గుడ్డలు చుట్టుకుని, ఐదొందల ఏళ్ళుగా కొండ గుహలో కూచున్న ఎండు శవం, ఊరికి పెద్దదిక్కు. ఏటా ఆగస్టులో ఊరంతా వెళ్ళి కోకా ఆకులు పెట్టి, మొక్కజొన్న కల్లు పోసి, ఆ ఏడు పుట్టిన పిల్లల పేర్లు చెవిలో చెప్పి వస్తారు. సబీనా కూతురి పేరు చెప్పింది ఈ మెల్కియాదెసే. పిల్ల బాప్తిస్మానికి తండ్రి స్థానంలో నిలబడ్డవాడు. ఊరి కాపలా దళానికి పెద్ద.

లారీ వంతెన దాటిందా... అంతే! తర్వాత లిమా పట్నం. ఆ తర్వాత ఏ డబ్బున్నవాడి గాజు పెట్టెలోనో!

 

పొద్దు గూకే వేళ గుహలోకి వెళ్ళి చూసింది. చూడకపోతే బాగుండేది. అవ్వ లేదు. అవ్వ పక్కనుండే పసిపిల్లల ఎముకలు కాళ్ళతో తన్నేసి ఉన్నాయి. ఊడిన జడలు మట్టిలో దొర్లుతున్నాయి. ఒక పుర్రె కంటి గుంటలో సిగరెట్ ఆర్పారు! దాని పక్కన నమిలి ఉమ్మిన వెల్లుల్లి, ఇంకా తడిగా. ఆ పక్కనే మూడు కోకా ఆకులు, పద్ధతిగా పేర్చి.

ఛీ! అంటే తవ్వేముందు నేలతల్లి అనుమతి అడిగారన్నమాట. దొంగతనానికి దణ్ణం ఒకటి!

సమాధి తెరిస్తే చచ్చినవాళ్ళ గాలి సోకుతుంది. వెల్లుల్లి నమిలితే సోకదు. కొండ మీద ఈ సంగతి పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. సబీనా కంగారులో వెల్లుల్లి లేకుండానే దూరింది. మెల్కియాదెస్ మాత్రం గుహ బయటే ఆగిపోయాడు. ఇంట్లో చంటిపిల్లలున్నారు, లోపలికి రాను, ఇది లిమా దొంగల పనే అన్నాడు. అంతలోనే కిందికి పోతున్న లారీని చూపించాడు.

ఇప్పటికీ ఆ వెల్లుల్లి కంపు వదల్లేదు. లంగాకి అంటిందేమో...

వంతెన!

ముందే కబురందుకున్న దళం మనుషులు రాళ్ళు అడ్డం పెట్టి లారీని ఆపేశారు. సబీనా దూకి పరిగెత్తింది. గోనెలు దింపించింది. ఒకటి... మరొకటి...

బంగాళాదుంపలు. లారీ నిండా బంగాళాదుంపలే! ముసలి డ్రైవరు తిట్లు లంకించుకున్నాడు.

నది గాలి మొహానికి చల్లగా కొట్టింది. కంపు లేదు. లంగా అంచు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

లేదు.

జీపు దగ్గరికి తిరిగొచ్చి కిటికీలో తల పెట్టింది.

గుప్పుమంది!

"దొరికిందా చెల్లెమ్మా?" అన్నాడు మెల్కియాదెస్. ఆ నోట్లోంచే!

గుహలోకి రానివాడికి వెల్లుల్లి దేనికి? లిమా దొంగకి మూడాకులు పేర్చడం ఎవడు నేర్పాడు?

చూపు కిందికి జారింది. ఉన్ని మూట. చిరుగులోంచి తొంగిచూస్తున్న ఎర్ర నేత గుడ్డ.

ఇంతసేపూ తన చెప్పుకాళ్ళు... అవ్వ మీద!

మూట వైపు చెయ్యి చాపింది.

అతని పొంచో దుప్పటి కింద పిస్తోలు మూతి కదిలింది.

"అరవకు. నవ్వుతూ ఎక్కు. నువ్వు పక్కనుంటే మన జీపు ఎవడూ వెతకడు."

"పుర్రెలో సిగరెట్ ఆర్పింది నువ్వేనా?"

"చీకట్లో చూసుకోలేదు," అన్నాడు, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

ఎక్కింది. మూటని ఒళ్ళోకి తీసుకుంది. ఎండుకట్టెలా తేలిగ్గా ఉంది. దళం వాళ్ళు రాళ్ళు జరిపి తమ పెద్దకి చేతులూపారు.

వంతెన మొదట్లో మెల్కియాదెస్ బ్రేకు వేశాడు. వేయక తప్పదు. నేలతల్లికి చుక్క పోయకుండా ఈ కొండల్లో పుట్టినవాడెవడూ వంతెన దాటడు. దొంగైనా సరే! సారా సీసా తీశాడు. బిరడా బిగుసుకుపోయింది. పిస్తోలు తొడ మీద పెట్టి రెండో చెయ్యి కూడా వేశాడు. తల కిటికీలోంచి బయటికి వంచాడు. మొదటి చుక్క నేలకి...

తొడ మీద బరువు పోయింది!

గిర్రున తిరిగాడు. పిస్తోలు సబీనా చేతిలో ఉంది.

"చచ్చినదాని కోసం బతికున్నవాణ్ణి కాలుస్తావా చెల్లెమ్మా? మనం మనం..."

మళ్ళీ అదే కంపు.

"అవ్వ మీద నా చేత కాళ్ళు పెట్టించావు," అంది నెమ్మదిగా. "ఇప్పుడు నీ కాలు చాపన్నా."

ధన్!