నలభై ఒక్కసార్లు మరచిన పాస్‌వర్డ్

మానవజాతి రచించిన గ్రంథాలు రెండు తెగలు: చదివి మెచ్చుకునేవి, చదవకుండానే సంతకం పెట్టేవి. వ్యాపార సాఫ్ట్‌వేర్ భద్రతా మార్గదర్శిని రెండవ తెగకు చక్రవర్తి. ఆరువందల నలభై పుటల ఆ మహాగ్రంథాన్ని కుళాయిలు తయారుచేసే ఒక కంపెనీలో అందరూ ‘ఇటుక’ అని పిలిచేవారు. గోదాములో అది రెండేళ్ళపాటు కంప్యూటర్ తెర కింద నిలిచి, తన ఉపయోగాన్ని నిర్వివాదంగా నిరూపించుకుంది.

ఒక సోమవారం ఉదయం గోదాము సూపర్‌వైజర్ వచ్చేసరికి తెర బెత్తెడు కిందికి దిగి ఉంది. ఎదురుగా ఒక యువతి ఇటుక మీది దుమ్ము దులుపుతోంది.

“ఏమండీ, అది నా స్టాండు!”

“ఇది పుస్తకం. లోపల అక్షరాలు కూడా ఉన్నాయి. ఎప్పుడైనా తెరిచారా?”

“నా మెడ పట్టేస్తే ఎవరిది పూచీ?”

“మెడ సంగతి ఇందులో లేదు. గోడ మీద క్యాలెండర్‌లో పాస్‌వర్డ్ రాసిపెట్టి, పదకొండుమంది ఒకే పేరుతో కంప్యూటర్‌లోకి వెళ్తున్నారు చూడండి, దాని సంగతి ఉంది. ఎవరిదా పేరు?”

అది అతడి పేరే. ఆ మాట ఒప్పుకోవడానికి అతడికి రెండు నిమిషాలు పట్టింది.

ఆమె కొత్తగా వచ్చిన భద్రతాధికారిణి. మూడు నెలల తాత్కాలిక ఉద్యోగం. గడువు చివర బయటి నుంచి ఆడిటర్ వచ్చి తనిఖీ చేస్తాడు. రిపోర్టు బాగుంటే ఉద్యోగం ఖాయం. ఎర్రగీత పడితే ఆ సాయంత్రమే సంచీ సర్దుకోవాలి. అందుచేత ఆమె ఇటుకను అక్షరాలా అమలుపరచసాగింది. ఎవరి పాస్‌వర్డ్ వారిదే. మూడుసార్లు తప్పు కొడితే ఖాతాకు తాళం. ఆ తాళం తీయాలంటే ఆమె స్వయంగా వచ్చి, మనిషి ముఖం చూసి, ఐడీ కార్డుతో పోల్చుకోవాలి.

మొదటి తాళం నిజాయితీగానే పడింది. పెద్దక్షరాల మీట నొక్కి ఉన్న సంగతి సూపర్‌వైజర్ గమనించలేదు. పై అంతస్తులో ఉన్న ఆమెకు ఫోన్ చేశాడు.

“గొంతు విని గుర్తుపట్టలేరా మేడమ్?”

“గొంతు విని తీయకూడదు. ఎవరైనా అనుకరించొచ్చు.”

“నా గొంతు అనుకరించి ఎవడు బాగుపడతాడండీ?”

ఆమె మూడంతస్తుల మెట్లు దిగి, రొప్పుతూ, మండిపడుతూ వచ్చింది. కార్డునూ అతడినీ మార్చి మార్చి చూసింది.

“ఇందులో మీసం లేదే?”

“ఈమధ్యే వచ్చిందండీ.”

“ఎవరి అనుమతితో?” అంది, ఏమాత్రం నవ్వకుండా.

సరిగ్గా ఆ క్షణాన మన్మథుడు చెరకు వింటిని పక్కన పెట్టి, కీబోర్డు మీద చేయి వేశాడు. మరునాడు పదకొండు గంటలకు అతడి ఖాతాకు మళ్ళీ తాళం పడింది. ఆ మరునాడూ పడింది.

“మళ్ళీనా?”

“మళ్ళీనేనండీ.”

“నిన్న పెట్టుకున్న పాస్‌వర్డ్ ఏమైంది?”

“నిద్రలో ఎక్కడో జారిపోయినట్టుంది.”

“మీ బుర్రకి మూత లేదా? పోనీ ఎక్కడైనా రాసి...” ఆమె నాలుక కరుచుకుంది.

“రాయకూడదు మేడమ్. ఎనభై ఏడో పేజీ.”

ఆమె అతడి వంక అనుమానంగా చూసింది. ఇటుకను చదివిన రెండవ మనిషి ఈ భూమి మీద ఉన్నాడన్న సంగతిని జీర్ణించుకోవడానికి ఆమెకు మూడంతస్తులు ఎక్కేంత సమయం కావలసివచ్చింది.

నిజానికి అతడు దాన్ని ఇంటికి తెచ్చుకుని, తప్పులు పట్టడానికే మొదలుపెట్టి, ఆపలేకపోయాడు. ఇంట్లో అతడి తల్లి బట్టలు కుట్టేది. ఒకనాటి సాయంత్రం మిషను ఆపి, కళ్ళద్దాల మీదుగా చూసింది.

“ఏంట్రా, ఆ దిమ్మని ఒళ్ళో పెట్టుకుని నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్?”

“ఇందులో ప్రతి రూలు వెనకా ఒక దొంగ ఉన్నాడమ్మా. పోయినేడు మూడొందల కుళాయిలు మాయమైతే అందరూ నన్నే అనుమానించారు, గుర్తుందా? నా పేరుతో ఎవడైనా లోపలికి దూరొచ్చు అప్పుడు. ఇప్పుడు ఎవడు చేసింది వాడి మీదే ఉంటుంది. ఈ పుస్తకం అప్పుడే చదివుంటే నాకు ఆ అవమానం తప్పేది.”

“మంచి పుస్తకమే. మరి రోజూ పాస్‌వర్డ్ మర్చిపోతున్నానన్నావ్? నాలుగో తరగతిలో నీతో చదివినోళ్ళ రోల్ నంబర్లన్నీ ఇప్పటికీ చెప్తావు కదా!”

అతడు పుట తిప్పాడు.

“ఆ తాళం తీసే పిల్ల ఎలా ఉంటుంది?”

“కోపంగా ఉంటుందమ్మా.”

“మంచిదే. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే అరవలేక చస్తున్నా.”

తల్లి ఆశీర్వచనం ఆ విధంగా ముందస్తుగానే మంజూరైంది. అయితే అతడి చదువు ఇంకా నాలుగు వందలవ పుట దాటలేదు. పడిన ప్రతి తాళమూ తేదీతో, గంటతో, నిమిషంతో చిరకాలం నమోదై ఉంటుందన్న సంగతి నాలుగు వందల పదవ పుటలో ఉంది.

తనిఖీ రోజు ఆడిటర్ వచ్చాడు. నుదుటి మీద ఒక కళ్ళజోడు, ముక్కు మీద ఒకటి. ముప్పై ఏళ్ళుగా ఎవరినీ మెచ్చుకోని పెదవులు. మధ్యాహ్నం దాకా ఆయనకు ఒక్క లోపమూ దొరకలేదు. ఆ తరువాత ఆయన వేలు ఒక వరుస మీద ఆగింది.

“ఒకే మనిషి. నలభై ఒక్క తాళాలు. అన్నీ పదకొండు గంటలకే. బయటివాళ్ళ దాడి అయినా అవ్వాలి, మీ సిస్టమ్‌లో లోపమైనా అవ్వాలి. ఏదైనా ఎర్రగీతేనమ్మా.”

ఆమె ముఖం పాలిపోయింది. సూపర్‌వైజర్‌కు పైకి రమ్మని కబురు వెళ్ళింది. తాను ఆడుకున్న ఆట ఆమె ఉద్యోగానికి ఎసరు పెట్టిందని విషయం వినగానే అతడికి తెలిసింది.

“కారణం ఈ ఫారంలో రాయాలి బాబూ. సంతకంతో.”

అతడు పది నిమిషాలు తలెత్తకుండా రాశాడు. ఆడిటర్ కళ్ళజోళ్ళు మార్చుకుని, తీర్పు చదివే స్వరంతో వినిపించాడు:

“‘దాడి లేదు. సిస్టమ్ లోపం లేదు. మొదటి తాళం పొరపాటున పడింది, పాస్‌వర్డ్ మాత్రం నేను ఎన్నడూ మరవలేదు. ముఖం చూస్తేనే తాళం తీస్తారు గనుక, తాళం పడితే ముఖం చూడవచ్చునని గ్రహించి, బుద్ధిపూర్వకంగా తప్పు కొట్టాను. ఆమె పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. శిక్ష నాకే పడాలి.’”

ఆడిటర్ ఫారం బల్ల మీద పెట్టాడు.

“మీకసలు మతుందా?” ఆమె లేచి నిలబడింది. “నలభై ఒక్క రోజులు! మూడంతస్తులు! నా మోకాళ్ళ గురించి ఎవరైనా ఆలోచించారా? మీరు పైకి రాలేరా?”

“వస్తే పనేంటని అడుగుతారు కదండీ.”

“అడుగుతాను! పనేంటో చెప్పాలి! నోరున్నవాళ్ళు అలాగే చేస్తారు!”

“ఉండమ్మా,” అన్నాడు ఆడిటర్. “ఈయన సంగతి తేలింది. ఇప్పుడు నీ సంగతి. వారం వారం ఈ రికార్డు చూడాల్సింది నువ్వే కదా?”

“నేనే.”

“చూశావు. ప్రతివారం సంతకం ఉంది. ఈ తాళాల ఎదురుగా తొమ్మిది వారాలూ ఒకటే మాట రాశావు: ‘పరిశీలనలో ఉంది’. తొమ్మిది వారాలు ఏం పరిశీలించావమ్మా?”

అబద్ధమాడకూడదని ఇటుకలో ఎక్కడా లేదు. ఆమె స్వభావంలో ఉంది. కిటికీ వైపు చూసింది. బయట వాన మొదలైంది గాని, అది ఆమెకు ఏ సహాయమూ చేయలేదు.

“మనిషిని,” అంది.

సూపర్‌వైజర్ కుర్చీలో నుంచి సగం లేచి, మిగతా సగం ఏం చేయాలో తెలియక ఆగిపోయాడు.

“ఏం తేలింది?” అన్నాడు ఆడిటర్.

“చిరాకు మనిషి సార్. ఫోన్‌లో ఒక మాట, ఎదురుపడితే ఇంకో మాట. కానీ గోదాములో వస్తువు ఒక్కటీ తప్పిపోలేదు. పుస్తకం నిజంగా చదువుతున్నాడు. ఇంకా... పదకొండింటికి ఫోన్ రాని రోజున నాకు పని సాగేది కాదు. అదే ఎక్కువ చిరాకు.”

“‘పరిశీలనలో ఉంది’ అని వదిలేస్తే నా రిపోర్టు ముగియదు. ఏదో ఒకటి తేల్చాలి. మళ్ళీ జరగకుండా ఏం చర్య తీసుకుంటారు, ఎప్పటిదాకా? రెండు గళ్ళూ నింపండి.”

ఆమె ఫారం లాక్కుంది. కలం ఎత్తింది, దించింది. సూపర్‌వైజర్‌ను ఒక చూపు చూసింది. తాళం తీసేటప్పుడు చూసినట్టు, కార్డు లేకుండా.

“సార్, మీరు ఏమీ అనుకోకపోతే కాస్త బయట నిలబడతారా? ఇది ఇద్దరం మాట్లాడుకుని రాయాల్సింది. నేనైతే ముందు ఈయన్ని తిట్టాలి.”

ముప్పై ఏళ్ళ వృత్తిజీవితంలో ఎన్నడూ ఏ గది నుంచీ వెళ్ళగొట్టబడని ఆడిటర్ వరండాలో నిలబడి వాన చూశాడు. లోపలి నుంచి చాలాసేపు తిట్లు వినిపించాయి. మధ్యమధ్య సూపర్‌వైజర్ గొంతు, “అవునండీ”, “ఇంకెప్పుడూ లేదండీ” అంటూ. ఆ తరువాత తిట్లు పలచబడ్డాయి, చివరికి ఆగిపోయాయి.

ఆయన మరో రెండు నిమిషాలు మర్యాదగా ఆగి, రిపోర్టు తెరిచి, భద్రతా ఏర్పాట్లు అన్న శీర్షిక ఎదుట ‘సంతృప్తికరం’ అని రాసి, తలుపు తట్టకుండానే మెట్లు దిగిపోయాడు.