గులాబీ కింద ముఖం

ముఠాలో చేరిన మన గూఢచారి కనకప్పను చంపేశారు. ప్రాణం పోయేముందు అతను పంపిన మెసేజ్ ఒక్కటే. "ముఠా నాయకుడితో మనవాళ్లలో ఒకరు. 2011, రాజలక్ష్మి పెళ్లి వీడియో. గులాబీ కింద చూడండి."

ఏజెంట్ జితేంద్ర ఆ మెసేజ్‌ను రెండుసార్లు చదివాడు. మన గూఢచారులందరి పేర్లున్న చిప్‌తో అతని పార్ట్‌నర్ సహన సండూరు వైపు వెళ్తోంది. నాలుగింటికి ఇనుప ఖనిజం నిలవచేసే ఓర్ యార్డ్ దగ్గర దాన్ని మనవాళ్లకు అప్పగించాలి. కారు నడుపుతున్నది సీనియర్ ఏజెంట్ రూపశ్రీ. ఆమె అందానికి ఆఫీసంతా దాసోహం. మనవాళ్లలో ఆ ద్రోహి ఎవరో తెలియకపోతే సహన తిరిగి రాదు.

మూడూ ఇరవైకి జితేంద్ర పెట్టుడు మీసంతో బళ్ళారి బజారులో, ఆ పెళ్లి వీడియో తీసిన స్టూడియో మెట్లెక్కాడు.

"2011లో పెండ్లయిన రాజలక్ష్మి తమ్మున్ని. పాత వీడియో కావాల."

ఓనర్ ఉరుకుందప్ప హార్డ్ డిస్క్ వెతికి తీశాడు. "అప్పటి కంప్యూటర్ కాలిపాయెనప్పా. ఎడిటింగ్ ప్రాజెక్ట్‌ను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాల. తెరుచుకుంటాదో లేదో."

"పెండ్లి వీడియోలో గులాబీ అంటే ఏంది?"

"ఎవురన్నా ఫలానా మొహం వద్దంటారు. జగడాలుంటాయి గదా! మేం షాట్ కట్ చేయం. రేపు రాజీ అయితే మళ్లా కావాలంటారు. అందుకే పైన గులాబీ పెట్టి మూస్తాం."

"ఈ పెండ్లిలో ఎవురిని మూసినారు?"

"పదేండ్లు దాటె. యాదుంటాదా?"

కన్వర్టింగ్, పన్నెండు శాతం. ముప్పై. అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని మొత్తుకుంది. జితేంద్ర బటన్‌లో కెమెరా, బూటులో కత్తి ఉన్నాయి. వాటితో ఆ శాతం ఒక్క అంకె కూడా కదలదు. అతను మానిటర్‌కు మరింత దగ్గరగా వంగాడు. తుపాకీకి ఎదురుగా నిలబడ్డప్పుడు కూడా ఇంత భయపడలేదు. అప్పుడు పోయేది తన ప్రాణమే.

మూడూ యాభై. స్క్రీన్ మీద ఎర్రటి వార్నింగ్ వచ్చింది.

"అయ్యయ్యో! కొత్త సాఫ్ట్‌వేర్‌కు పాత పూల ఎఫెక్టులు తెలీవప్పా. గులాబీలన్నీ ఎగిరిపాయె!"

"ప్లే చెయ్యి!"

భోజనాల బంతి. ముఠా నాయకుడు. అతని పక్కన నవ్వుతూ లడ్డు కొరుకుతోంది రూపశ్రీ.

జితేంద్ర ఫోన్ నొక్కాడు.

"సహనక్కా, పెద్దమ్మకు సీరియస్‌గా ఉండాది."

పక్కనున్నది శత్రువు అని ఆ కోడ్‌కు అర్థం.

"అవునా? నేను చూసుకుంటాలే," అంది సహన.

టైర్లు కీచుమన్నాయి. తుపాకీ పేలింది. లైన్ కట్ అయింది.

జితేంద్ర మళ్లీ చేశాడు. స్విచ్ఛాఫ్. ఉరుకుందప్ప నీళ్లగ్లాసు అందిస్తే పక్కన పెట్టి మళ్లీ నొక్కాడు.

సరిగ్గా నాలుగింటికి కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"హ్యాండ్‌బ్రేక్ లాగినా," సహన రొప్పుతోంది. "గుండు అద్దానికి తగిలింది. నా ఫోన్ పగిలింది, ఇది లారీ డ్రైవర్‌ది. రూపశ్రీని నా దుపట్టాతో కట్టేసినా. యార్డ్ గేటు యాభై అడుగులే. ముఠా మనుషులు ఆడనే ఉండారు. మా వెనక ఓర్ లారీలన్నీ ఆగినాయి, ఇంతమంది ముందర బయటికి రాలేక పారిపోయినారు. చిప్ భద్రం."

"భయపడినావా?"

"ఇంకా భయపడతానే ఉన్నా."

"నేనూ అంతే," అన్నాడు జితేంద్ర. కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు హార్డ్ డిస్క్ బెంగళూరు హెడ్డాఫీసు చేరింది. సాయంత్రం చీఫ్ రంగనాథ ఫోన్ చేశాడు.

"సాక్ష్యం ఏదయ్యా? మన ఆఫీసులో ఇంకా పాత సాఫ్ట్‌వేరే. ఇక్కడ ఆమె ముఖం మీద గులాబీ దివ్యంగా కనిపిస్తోంది."